ఎవరి ఆపరేషను ముందు? ఎవరిది తర్వాత?

2020 మార్చి నెలలో మీలో చాలామంది ఇంకా చిన్న తరగతుల్లోనే ఉండి ఉంటారు. బళ్ళు మూసేశారు. బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. పరీక్షలు రాయకుండానే పై తరగతికి వెళ్ళిన సంవత్సరం కనుక మీరు దాన్ని అంత తేలికగా మరచిపోరు! అయితే ఆ రోజుల్లోనే మరొకటి కూడా ఆగిపోయింది. దాన్ని గురించి ఇళ్ళల్లో అంతగా మాట్లాడుకోలేదు. అవి ఆపరేషన్లు.

మార్చి 17న ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థ తన ఆసుపత్రులకు ఒక ఉత్తరం రాసింది. అత్యవసరం కాని ఆపరేషన్లన్నిటినీ ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 15 నుంచి ఆపివేయాలనీ, కనీసం మూడు నెలలు వాయిదా వేయాలనీ అందులోని సారాంశం. మార్చి 20న మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా ఇలాంటి సలహానే మన ఆసుపత్రులకు ఇచ్చింది. అమెరికాలోనూ అదే నెలలో అదే మాట. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసిన ఒక పరిశోధక బృందం అప్పట్లో ఒక అంచనా వేసింది. కోవిడ్ ఉధృతంగా ఉండే 12 వారాల్లో ప్రపంచం మొత్తంమీద సుమారు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దవుతాయి, లేదా వాయిదా పడతాయి అని ఆ అంచనా.

ఇన్ని ఆపరేషన్లు ఆపగలిగారంటే అవి అసలు అవసరమే లేనివా? ఈ అనుమానం మీకు రావడం సహజం. ఇందులో ఒక మాటతో చిక్కు వచ్చింది. డాక్టర్లు ఆపరేషన్లను రెండు రకాలుగా చెబుతారు. ప్రమాదం జరిగి అప్పటికప్పుడు చేసేది ఎమర్జెన్సీ. ముందుగా తేదీ అనుకుని చేసేది ఎలెక్టివ్. ఈ రెండో మాటను చాలామంది ‘ఇష్టమైతే చేయించుకునేది’ అని అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. పెళ్ళికి ముహూర్తం పెట్టుకుంటాం. ఆ ముహూర్తం ఏ కారణం చేతనో వాయిదా పడితే, పెళ్ళి అక్కరలేదని అర్థమా? ఎలెక్టివ్ ఆపరేషనూ అంతే. చాలా కాన్సర్ ఆపరేషన్లు, గుండె ఆపరేషన్లు కూడా ఈ కోవలోవే. ముహూర్తం ఎంతవరకు జరపవచ్చు అన్నదే అసలు ప్రశ్న.

ఆపడం ఎందుకు?

ఒక పెద్ద ఆపరేషనుకు ఏమేం కావాలో ఊహించండి. కోసే డాక్టరు, కత్తి ఉంటే చాలదు. మత్తు ఇచ్చే డాక్టరు కావాలి. నర్సులు కావాలి. రోగి ఊపిరి తీసే పనిని తాను చేపట్టే యంత్రం కావాలి. రక్తం సిద్ధంగా ఉండాలి. ఆపరేషను అయ్యాక ఒకటి రెండు రోజులు కంటికి రెప్పలా చూసుకునే ప్రత్యేక వార్డులో పడక కావాలి. కోవిడ్ ముదిరి ఊపిరి అందని రోగికి ఏమేం కావాలి? అదే శ్వాసయంత్రం, అదే పడక, అదే నర్సు, అదే మత్తు డాక్టరు! ఎందుకంటే గొంతులోకి గొట్టం దింపి కృత్రిమంగా శ్వాస నడిపించడంలో ఆరితేరినవారు మత్తు డాక్టర్లే. అందుకే చాలా దేశాల్లో ఆపరేషను గదులనే కోవిడ్ రోగుల వార్డులుగా మార్చారు. రక్తం సంగతి చెప్పనక్కరలేదు. కాలేజీలు, ఆఫీసులు మూతపడ్డాక రక్తదాన శిబిరాలు పెట్టేది ఎక్కడ?

ఇంకో కారణం ఉంది. అది రోగి శరీరానికి సంబంధించినది. పూర్తి మత్తులో ఉన్న మనిషి దగ్గలేడు. దగ్గు మనకు చిరాకే గాని, ఊపిరితిత్తులను ఊడ్చి శుభ్రం చేసే చీపురు అదే. శ్వాసనాళాల లోపలి గోడలపై సన్నని నూగు వంటి కేశాలు ఉంటాయి. అవి అలలలాగా కదులుతూ దుమ్మునూ, కఫాన్నీ పైకి నెడుతూ ఉంటాయి. మత్తులో వాటి కదలిక కూడా మందగిస్తుంది. వెల్లకిలా పడుకుని ఉండటం వల్ల ఊపిరితిత్తుల అడుగు భాగంలో కొన్ని గాలి తిత్తులు ముడుచుకుపోతాయి. పైగా పెద్ద గాయాన్ని తట్టుకునే తొందరలో శరీరపు రక్షణ వ్యవస్థ కొన్నాళ్ళు బలహీనపడుతుంది. అంటే, ఊపిరితిత్తులపై దాడి చేసే వైరస్‌కు సరిగ్గా ఆ సమయంలోనే తలుపు తెరిచినట్లు అవుతుంది.

దీనికి ఆధారం 2020 మే నెలలో వచ్చింది. 24 దేశాల్లోని 235 ఆసుపత్రుల్లో, ఆపరేషనుకు కొద్ది రోజుల ముందో తర్వాతో కోవిడ్ సోకిన 1128 మంది వివరాలు సేకరించారు. వారిలో సగం మందికి ఊపిరితిత్తుల చిక్కులు వచ్చాయి. 268 మంది నెల రోజుల్లోపు చనిపోయారు. నూటికి దాదాపు 24 మంది! అయితే అంకె కనిపించగానే గుండె బాదుకోకూడదు. ఆ 1128 మందిలో దాదాపు ముప్పాతిక వంతు ఎమర్జెన్సీ ఆపరేషన్లు. అంటే అసలే ప్రమాద స్థితిలో వచ్చినవారు. కాబట్టి మామూలుగా వచ్చి హెర్నియాకు ఆపరేషను చేయించుకునేవారికీ ఇదే అంకె వర్తిస్తుందనుకోకూడదు. కానీ ‘ఆపరేషను చేయడమే మేలు, ఆపడమే కీడు’ అని కళ్ళు మూసుకుని చెప్పే వీలు ఇక లేకుండాపోయింది. చేయడంలోనూ ప్రమాదం ఉంది. ఆపడంలోనూ ఉంది. రెండింటినీ తూచాలి.

గడియారం పెట్టి చూడటం

తూచడానికి మొదటి మార్గం కాలం. బ్రిటన్‌లోని శస్త్రవైద్యుల సంఘాలు 2020లో ఆపరేషన్లను ఇలా వర్గాలు చేశాయి. 24 గంటల్లో చేయవలసినవి మొదటి వర్గంలో మొదటి భాగం. పేగుకు రంధ్రం పడటం, ఆగని రక్తస్రావం ఇందులోకి వస్తాయి. 72 గంటల లోపు చేయవలసినవి రెండో భాగం. నాలుగు వారాల వరకు ఆగగలిగేవి రెండో వర్గం. మూడు నెలల వరకు ఆగగలిగేవి మూడో వర్గం. అంతకు మించి కూడా ఆగగలిగేవి నాలుగో వర్గం. మోకాలి కీలు, తుంటి కీలు మార్చే ఆపరేషన్లు చాలావరకు ఈ చివరి దానిలో పడ్డాయి.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటి ఉంది. వర్గం అనేది జబ్బు పేరును బట్టి రాదు. కంటి శుక్లాన్నే తీసుకోండి. కంటిలోని కటకం మసకబారి వెలుతురు లోపలికి పోకుండా అడ్డుపడటమే శుక్లం. డెబ్బై ఏళ్ళ అమ్మమ్మకు శుక్లం వచ్చిందనుకోండి. ఆమెకు ఈ నెలలో ఆపరేషను చేసినా మూడు నెలల తర్వాత చేసినా చూపు దాదాపు ఒకేలా తిరిగి వస్తుంది. ఇప్పుడు పుట్టుకతోనే ఒక కంటిలో దట్టమైన శుక్లం ఉన్న పసిబిడ్డను తీసుకోండి. అదే కటకం, అదే మసక. కానీ ఆ బిడ్డకు మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు ఆపరేషను జరగాలి. ఎందుకు? చూసేది కన్ను ఒక్కటే కాదు, మెదడు కూడా. పుట్టిన కొత్తలో మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ రాకపోతే, మెదడు ఆ కంటిని పక్కన పెట్టి రెండో కంటితోనే పని నడుపుకోవడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు స్థిరపడిన తర్వాత అద్దంలాంటి కటకం అమర్చినా ఆ కంటికి మంచి చూపు రాదు. పలక మీద అక్షరాలు దిద్దవలసిన వయసు దాటిపోయిందన్నమాట. ఈ బిడ్డ ప్రాణానికి ఏ ముప్పూ లేదు. అయినా మూడు నెలల వాయిదా అంటే, జీవితాంతం ఒక కన్ను పోగొట్టుకోవడమే.

అలాగే ఒకే మనిషి వర్గం కూడా మారిపోవచ్చు. పొత్తికడుపు గోడలో బలహీనమైన చోటునుంచి పేగు బయటికి ఉబికి రావడం హెర్నియా. పడుకుంటే ఆ ఉబ్బు లోపలికి పోతున్నంతకాలం ఆగవచ్చు. ఒకనాడు ఆ పేగు సందులో ఇరుక్కుపోయిందా, దానికి రక్తం అందదు. కొన్ని గంటల్లో పేగు కుళ్ళిపోతుంది. నిన్నటి నాలుగో వర్గం మనిషి ఈ రోజు మొదటి వర్గంలోకి వచ్చేస్తాడు. కాబట్టి వాయిదా వేసిన డాక్టరు పని అక్కడితో అయిపోదు. జాబితాను మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉండాలి. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పరుగెత్తుకు రావాలో రోగికి చెప్పి పంపాలి.

కాలువ కింద సేద్యం ఉన్న ఊళ్ళ పిల్లలకు ఈ లెక్క కొత్త కాదు. వానలు ముఖం చాటేసిన ఏడు కాలువకు వంతులవారీగా నీళ్ళు వదులుతారు. పొట్ట దశలో ఉన్న వరికి ఈ వారం తడి అందకపోతే తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా మిగిలేవి తాలు గింజలే. పక్కనున్న కంది చేను పది రోజులు ఆగగలదు. కానీ ఆ ఊరి పెద్దలు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటారు. ఏ పొలానికి ఎన్ని నీళ్ళు పడతాయి? ఒక్క పొలం తడపడానికి పట్టే నీటితో నాలుగు చేలు తడుస్తాయంటే అప్పుడేం చేయాలి? ఆపరేషన్ల దగ్గర కూడా ఈ రెండో ప్రశ్న వచ్చిపడింది.

ఇరవై ఒక్క ప్రశ్నలు

ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒక పట్టికగా చేసినవారు అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యులు. అది 2020లోనే వెలువడింది. ఎమర్జెన్సీ ఆపరేషన్లకు ఈ పట్టికతో పని లేదు. వాటిని ఎలాగూ ఆపరు. ఆగడానికి కొంత వ్యవధి ఉన్నవాటికే ఇది. ఇందులో 21 అంశాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 21కి తగ్గదు, 105కు మించదు. ఎందుకో మీరే చెప్పగలరు.

మన పరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చినవాడు ముందు నిలబడతాడు. ఇక్కడ తలకిందులు! మార్కులు ఎక్కువైనకొద్దీ ఆపరేషను వెనక్కు పోతుంది. ఎక్కువ మార్కులంటే రోగికి ఎక్కువ ప్రమాదం, ఆసుపత్రికి ఎక్కువ ఖర్చయ్యే వనరులు, సిబ్బందికి వైరస్ సోకే అవకాశం ఎక్కువ అని అర్థం.

21 అంశాల్లో ఏడు ఆపరేషనుకు సంబంధించినవి. ఎంతసేపు పడుతుంది? అరగంట లోపైతే ఒక మార్కు, మూడు గంటలు దాటితే అయిదు. ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి? ప్రత్యేక వార్డు అవసరం పడుతుందా? ఎంత రక్తం పోతుంది? గదిలో ఎంతమంది శస్త్రవైద్యులు ఉండాలి? గొంతులోకి గొట్టం దింపవలసి వస్తుందా? శరీరంలో ఏ భాగం? గొట్టం సంగతి ఎందుకంటే, దాన్ని దింపేటప్పుడు రోగి ఊపిరిలోని సన్నని తుంపరలు గదిలోకి చిమ్ముతాయి. రోగికి వైరస్ ఉంటే ముందు నిలబడేది సిబ్బందే కదా.

ఆరు అంశాలు జబ్బుకు సంబంధించినవి. నా దృష్టిలో ఈ పట్టికకు గుండెకాయ ఇదే. ఆపరేషను కాకుండా వేరే చికిత్స ఉందా? ఉంటే అది ఎంతవరకు పనిచేస్తుంది? దానికి ఆసుపత్రి వనరులు ఎన్ని పడతాయి? రెండు వారాలు ఆగితే జబ్బు ముదురుతుందా? రెండు వారాలు ఆగితే ఆపరేషను మరింత కష్టమవుతుందా? ఈ చివరి రెండు ప్రశ్నలనే ఆరు వారాలకు మళ్ళీ అడుగుతారు. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడగడం దండగ అనిపించవచ్చు. కానీ కొన్ని జబ్బులు రెండు వారాలకు కదలవు, ఆరు వారాలకు చేయి దాటిపోతాయి. మరికొన్ని ఆరు నెలలైనా ఉన్నచోటే ఉంటాయి.

వేరే చికిత్స అన్నాను కదా, దానికి మంచి ఉదాహరణ అపెండిక్స్ వాపు. కడుపులో కుడివైపు కింద ఉండే ఈ చిన్న గొట్టానికి వాపు వస్తే వెంటనే కోసి తీసేయడమే ఆనవాయితీ. 2020 అక్టోబరులో అమెరికాలో 1552 మంది పెద్దలపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. సగం మందికి ఆపరేషను చేశారు. సగం మందికి యాంటీబయాటిక్ మందులు మాత్రమే ఇచ్చారు. మందులు వాడినవారిలో పదిమందికి ఏడుగురు మూడు నెలల వరకు కత్తి మొహం చూడకుండానే గడిపారు. ముగ్గురికి మాత్రం ఆపరేషను చేయక తప్పలేదు. ఆపరేషను గది దొరకని రోజుల్లో పదిమందిలో ఏడుగురంటే తక్కువేమీ కాదు. కొన్ని రకాల రొమ్ము కాన్సర్లు కూడా ఇలాంటివే. వాటిని హార్మోన్ మాత్రలతో కొంతకాలం అదుపులో ఉంచి ఆ తర్వాత ఆపరేషను చేసే వీలుంది. ఈ దారిని కూడా ఆ రోజుల్లో చాలామంది వాడుకున్నారు.

మిగిలిన ఎనిమిది అంశాలు రోగికి సంబంధించినవి. వయసు, ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, గుండె జబ్బు, మధుమేహం, రక్షణశక్తి తగ్గి ఉండటం, జలుబు జ్వరం వంటి లక్షణాలు, గత 14 రోజుల్లో కోవిడ్ ఉన్నవారితో కలిసి ఉండటం. ఇరవై ఏళ్ళ లోపువారికి వయసు కింద ఒక మార్కు, 65 దాటితే అయిదు.

ఇప్పుడు ఒక చిన్న అభ్యాసం చేద్దాం. ఒక ఆసుపత్రిలో ఈ వారం రెండు ఆపరేషన్లకే వీలుందనుకోండి. నలుగురు కాచుకుని ఉన్నారు. ఒకరు 68 ఏళ్ళ రైతు, మధుమేహం ఉంది, రెండు మోకాళ్ళూ అరిగిపోయి కర్ర లేనిదే నడవలేడు. ఒకరు 45 ఏళ్ళ గృహిణి, పెద్దపేగులో కాన్సర్. ఒకరు పాతికేళ్ళ యువకుడు, చిన్న హెర్నియా, పడుకుంటే లోపలికి పోతుంది. నాలుగోది ఆరు వారాల పసిబిడ్డ, ఒక కంటిలో శుక్లం. పైన చెప్పిన ప్రశ్నలను నలుగురికీ వేసి చూడండి. యువకుడి ఆపరేషను చిన్నది, అతని వయసు చిన్నది. ఆ ఖానాల్లో అతనికి మార్కులు తక్కువే. కానీ ‘ఆరు వారాలు ఆగితే’ అన్న ప్రశ్న దగ్గర అతనికి ఎక్కువ మార్కులు పడతాయి. గృహిణికి ఆపరేషను పెద్దదే, వనరులు ఎక్కువే పడతాయి. అయినా ఆగితే కలిగే నష్టం ఆమెను ముందుకు తెస్తుంది. బిడ్డ సంగతి ఇంతకుముందే చూశాం. అసలు పెద్దవారి కోసం చేసిన పట్టిక పిల్లలకు సరిగ్గా సరిపోదని అదే ఏడాది పిల్లల కోసం దాన్ని మార్చి మరొకటి తయారుచేశారు కూడా. ఇక రైతు? ఆపరేషను సమయం, ఆసుపత్రిలో ఉండే రోజులు, పోయే రక్తం, వయసు, మధుమేహం, ఆగగలిగే వ్యవధి, దాదాపు ప్రతి ఖానాలోనూ అతనికి మార్కులు ఎక్కువే. అంటే అతను అందరికంటే వెనక. ఈ వారమే కాదు, వచ్చే వారమూ వెనకే. అతన్ని గుర్తుంచుకోండి. మళ్ళీ అతని దగ్గరికి వద్దాం.

పట్టికలో లేనివి

జబ్బుపడినవారిని ఏరి వరస పెట్టడాన్ని వైద్యులు ట్రియాజ్ అంటారు. ఇది ఫ్రెంచి మాట. ఏరడం, వేరుచేయడం అని అర్థం. నెపోలియన్ సైన్యంలో డొమినిక్ జాన్ లారే అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయన 1766లో పుట్టి 1842లో మరణించాడు. యుద్ధరంగంలో గాయపడినవారిలో హోదా చూడకుండా ఎవరి గాయం ప్రమాదకరమైతే వారికే ముందు చికిత్స చేయాలని నియమం పెట్టినవాడు ఆయన. సేనాపతికి చేతి మీద గీత పడి, మామూలు సిపాయికి కాలు తెగితే సిపాయిదే ముందు వంతు. రాజులూ ప్రభువులూ ఏలే కాలంలో ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

షికాగో పట్టికలోని 21 అంశాలను మళ్ళీ ఒకసారి చదవండి. అందులో డబ్బు లేదు. ఉద్యోగం లేదు. ఎవరి తాలూకు అన్నది లేదు. ఆ విధంగా అది లారే దారిలోదే. ప్రశ్నలు ముందే రాసిపెట్టుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఏ డాక్టరుకైనా తన రోగే ముందు. ఎముకల డాక్టరుకు విరిగిన ఎముక, కంటి డాక్టరుకు కన్ను కనిపిస్తాయి. ఇద్దరూ ఒకే ప్రశ్నలకు జవాబు చెబితే అప్పుడు పోల్చడానికి వీలవుతుంది. చివరి నిర్ణయం మాత్రం మార్కులది కాదు, మనుషులదే. చాలా ఆసుపత్రుల్లో శస్త్రవైద్యులు, మత్తు డాక్టర్లు, నర్సులు కలిసి కూర్చుని రోజువారీగా జాబితాలు చూశారు.

అయితే ఆ పట్టికలో నొప్పి కూడా లేదు. అది గమనించారా? ఎన్నాళ్ళుగా కాచుకుని ఉన్నారన్న ప్రశ్న కూడా లేదు. కూలికి పోలేక ఇంట్లో పొయ్యి వెలగకపోవడానికి ఒక ఖానా లేదు. మధుమేహానికి మార్కులు ఉన్నాయి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడానికి మందులు కొనలేని పేదవాడికి అవే మార్కులు రెండో శిక్ష అవుతాయి. ఇది పట్టిక చేసినవారి తప్పని నేను అనను. కొద్ది వారాలపాటు ఉండే ఉపద్రవాన్ని దాటడానికి చేసిన సాధనం అది. కొలబద్దతో పొడవు కొలవవచ్చు, బరువు తూచలేం. ఉపద్రవం వారాలు కాక నెలలకు, ఏళ్ళకు సాగినప్పుడు చిక్కు వస్తుంది.

మా బడిలో లెక్కల మాష్టారి తల్లిగారు ఆ రోజుల్లో శుక్లాల ఆపరేషను కోసం దాదాపు సంవత్సరం కాచుకున్నారు. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. తడుముకుంటూనే వంట చేసేది. ఒకనాడు గడప తట్టుకుని పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చూపు మసకైనవారు పడిపోవడం కూడా శుక్లం తెచ్చే నష్టమే. కానీ ఆ నష్టం కంటి డాక్టరు కాగితాల్లో కనిపించదు, ఎముకల డాక్టరు కాగితాల్లో కనిపిస్తుంది!

బకాయిల లెక్క

ఆపిన ఆపరేషన్లన్నీ తర్వాత చేయవలసినవే కదా. వాటికి ఎంతకాలం పడుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక ఆసుపత్రి వారానికి 100 ఆపరేషన్లు చేస్తుందనుకుందాం. మొదట చెప్పిన బర్మింగ్‌హామ్ అంచనా ప్రకారం ఆ 12 వారాల్లో నూటికి 72 ఆగిపోతాయి. 72ను 12తో గుణిస్తే 864. ఇది బకాయి. మహమ్మారి తగ్గాక ఆ ఆసుపత్రి వారానికి 100కు బదులు 120 చేయగలిగిందనుకోండి. అందులో 100 కొత్తగా వచ్చేవారికి పోతాయి. బకాయికి మిగిలేవి 20. 864ను 20తో భాగిస్తే 43 వారాలు దాటుతుంది. ఆ పరిశోధకులు దేశదేశాల వివరాలతో లెక్కకట్టి చెప్పినది 45 వారాలు. మన ముతక లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా! పన్నెండు వారాలు ఆపితే, ఎప్పటికంటే అయిదో వంతు ఎక్కువ పనిచేసినా, తీరడానికి దాదాపు ఏడాది.

ఇంగ్లండులో జరిగినది ఇంకా విచిత్రం. అక్కడ చికిత్స కోసం కాచుకుని ఉన్నవారి జాబితా ప్రతి నెలా ప్రకటిస్తారు. 2020 ఫిబ్రవరిలో అది 45 లక్షలకు అటూ ఇటూగా ఉంది. ఆపరేషన్లు ఆగాయి కనుక మే నాటికి పెరిగి ఉండాలి. కానీ 38 లక్షలకు తగ్గింది! జబ్బులు తగ్గాయా? కాదు. జనం భయపడి డాక్టరు దగ్గరికే పోలేదు. పోనివారి పేరు జాబితాలోకి ఎక్కదు. ఆ తర్వాత వాళ్ళంతా వచ్చారు. 2023 సెప్టెంబరు నాటికి ఆ జాబితా సుమారు 77 లక్షలకు చేరింది. దానికంతటికీ మహమ్మారి ఒక్కటే కారణం కాదు. సిబ్బంది కొరత, సమ్మెలు కూడా తోడయ్యాయి.

పోనివారిలో కాన్సర్ ఉన్నవారూ ఉంటారు. కాన్సర్ ఆపరేషను నాలుగు వారాలు ఆలస్యమైతే మరణించే ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో ఒక పెద్ద సమీక్ష తేల్చింది. వందమందిలో మరో ఆరుగురు చనిపోతారని దీని అర్థం కాదు, జాగ్రత్త! వందకు 20 మంది చనిపోయే చోట సుమారుగా 21 మందికి పైగా చనిపోతారని అర్థం. ఒక్కరే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరు ఎన్ని ఆసుపత్రుల్లో, ఎన్ని ఊళ్ళలో, ఎన్ని నెలలపాటు?

ఇప్పుడు మన రైతు దగ్గరికి వద్దాం. ప్రతి వారం కొత్తగా ఎవరో ఒకరు అతని కంటే అవసరమైన జబ్బుతో వస్తూనే ఉంటారు. ప్రతిసారీ వారిదే న్యాయం. కానీ ఆ న్యాయాలన్నీ కలిస్తే అతని వంతు ఎన్నటికీ రాదు. కాలువ చివరి భూములున్నవారికి ఈ బాధ తెలుసు. ఎగువ తూములన్నీ తెరిచాకే చివరికి నీళ్ళు. దీనికి విరుగుడు కాచుకున్న కాలానికి కూడా విలువ కట్టడమే. వారం గడిచినకొద్దీ మనిషి వరసలో కొంచెం కొంచెం ముందుకు జరగాలి. అలా చేస్తే ఒక్కోసారి ఎక్కువ అవసరం ఉన్నవారిని ఆపి తక్కువ అవసరం ఉన్నవారికి ఆపరేషను చేయవలసి వస్తుంది. ఎన్ని వారాల నొప్పి ఎంత ప్రమాదానికి సమానం? దీనికి ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. మీరు తరగతిలో వాదించుకుని చూడండి. రెండు పక్కలా మంచి వాదనలు దొరుకుతాయి.

దారులు వేరుచేయడం

వరస పెట్టడమే కాక వరసను తగ్గించే ఉపాయం కూడా ఒకటి ఉంది. కోవిడ్ రోగుల దారినీ, ఆపరేషను రోగుల దారినీ పూర్తిగా వేరుచేయడం. వేరే భవనం, వేరే పడకలు, వేరే సిబ్బంది. మన హైదరాబాదులో 2020లో గాంధీ ఆసుపత్రిని కొన్ని నెలలపాటు కోవిడ్ రోగులకే కేటాయించారు. మిగిలిన రోగులు ఉస్మానియా వంటి ఇతర ఆసుపత్రులకు పోవలసి వచ్చింది. ఎప్పుడూ గాంధీకే వచ్చే అలవాటున్న పేదలకు అది ఇబ్బందే. ఆ ఇతర ఆసుపత్రులపై బరువూ పెరిగింది. కానీ వైరస్‌కూ కత్తిగాటుకూ మధ్య దూరం పెట్టడంలో వైద్యపరంగా అర్థం ఉంది. ఆ ఏడాదే 55 దేశాల్లో కాన్సర్ ఆపరేషను చేయించుకున్న 9171 మందిని పరిశీలించారు. కోవిడ్ రోగులు రాని ప్రత్యేక దారిలో ఆపరేషను జరిగినవారిలో నూటికి ఇద్దరికి పైచిలుకు ఊపిరితిత్తుల చిక్కులు వచ్చాయి. అలాంటి ఏర్పాటు లేనిచోట నూటికి దాదాపు అయిదుగురికి.

2021లో మరో సంగతి తేలింది. కోవిడ్ వచ్చి తగ్గినవారికి ఎప్పుడు ఆపరేషను చేయవచ్చు? 116 దేశాల్లో లక్షా నలభై వేలమందిని చూశారు. కోవిడ్ సోకనివారిలో ఆపరేషను తర్వాత నెల రోజుల్లో నూటికి ఒకటిన్నర మంది మరణించారు. సోకిన మొదటి వారాల్లో ఆపరేషను జరిగినవారిలో అది నాలుగుకు చేరింది. అయిదు, ఆరు వారాలకు కూడా మూడున్నరకు తగ్గలేదు. ఏడు వారాలు దాటాక మళ్ళీ ఒకటిన్నరకు వచ్చింది. ఆ రోజుల్లో డాక్టర్లకు వాయిదా వేసేటప్పుడు రోగికి చెప్పడానికి అలా ఒక గడువు దొరికింది. ఆగగలిగే జబ్బయితే అప్పట్లో ఏడు వారాలు. ఆగలేని జబ్బయితే, ఆ ప్రమాదమేమిటో చెప్పి, రోగి సరేనంటే ఆ రోజే.